మైనస్ డెబ్బై రెండు

మల్లి చెవి మిషను తల మీద నుంచి తీస్తే, దాన్ని ఏదో ఒక ఇనుముకు అంటించి పెట్టాలన్నది ఆ ఇంట్లో నాయనమ్మ పోలమ్మ పెట్టిన కట్టుబాటు.

మిషనులో రెండు ముక్కలుంటాయి. చెవి వెనక తగిలించుకునేది చిక్కుడుకాయంత. దాని నుంచి సన్నటి తీగ, తీగ చివర పాత రూపాయి బిళ్ళంత గుండ్రటి ముక్క. ఆ బిళ్ళలో అయస్కాంతం ఉంటుంది. మల్లికి మూడో ఏట గుంటూరులో ఆపరేషన్ చేసి, చెవి పైన చర్మం కింద ఇంకో అయస్కాంతం పెట్టారు. బయటి బిళ్ళ, లోపలి బిళ్ళ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నంతసేపే పిల్లకు ఏదైనా వినపడేది. బిళ్ళ ఊడిందంటే ఏమీ లేదు.

తలంటు పోసేటప్పుడు, నిద్రపోయేటప్పుడు తీయక తప్పదు. మొదట్లో తీసింది ఎక్కడ పెట్టారో గుర్తులేక ఇంటిల్లిపాదీ దుప్పట్లు దులిపేవాళ్ళు. ఒకనాడు పోలమ్మ చేతి నుంచి జారిన బిళ్ళ టక్కున పోయి బీరువా తలుపుకు అతుక్కుంది. ఆమె దాన్ని పీకి, మళ్ళీ వదిలి, మళ్ళీ అతుక్కోవడం చూసి, దాని చోటు అదే చూసుకునిందని తేల్చింది. ఆనాటి నుంచి బీరువా దగ్గరుంటే బీరువాకు, లేకపోతే తలుపు గొళ్ళేనికి, అదీ లేకపోతే పైపు మంచం కోడుకు. మల్లి కూడా నేర్చుకుంది. స్టీలు చెంబుకు పట్టదని, ఇనప పెనానికి పడుతుందని, కంచు గంటకు పట్టదని, గడ్డపారకు పడుతుందని ఆ ఐదేళ్ళ పిల్లకు తెలిసినంత ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలియదు.

ఆ ఆదివారం పొద్దున, గొర్రెలు దొడ్డి దాటిన కాసేపటికి భవాని సంగటి గిన్నెతో బయటికి వచ్చి, గొర్రెపిల్లల గంప దగ్గర కూర్చున్న కూతురి తల నిమిరింది. నూనె రాసిన జుట్టు తప్ప చేతికి ఏమీ తగల్లేదు.

ముందు ఆమె కంగారుపడలేదు. లోపలికి పోయి బీరువా చూసింది. గొళ్ళెం చూసింది. మంచం నాలుగు కోళ్ళూ చూసింది. పొయ్యి దగ్గర పెనం వెనకా, గోడకు ఆనించిన గడ్డపార చుట్టూ తడిమింది. అప్పుడు కూతురి దగ్గరికి పరిగెత్తింది.

మిషను లేనప్పుడు మల్లికి మాటలు చెప్పి లాభం లేదు. భవాని ఎదురుగా కూర్చుని తన చెవి చూపించి, ఎక్కడని చేతులు తిప్పింది. మల్లి అరచెయ్యి తన తలకు ఆనించుకుంది. తర్వాత ఆ చెయ్యి తీసి గాలిలో దేనికో టక్కున అతికించినట్టు చూపించి, దొడ్డికి ఉన్న రేకుల గేటు వైపు వేలు పెట్టింది. తప్పు చేసిన ముఖం కాదు అది. చెప్పిన పని చెప్పినట్టు చేసిన పిల్ల ముఖం.

గేటుకు రెండు వైపులా చూశారు. కింద చూశారు. అక్కడి నుంచి పడిపోయి ఉంటుందని పోలమ్మ జల్లెడ తెచ్చి, గేటు దగ్గర పెంటికలన్నీ ఎత్తి జల్లించింది. వంగి జల్లిస్తూనే అనవలసినవి అన్నది. మిషనుకు ఒక తాడు, తాడుకు గౌనుకు పెట్టే క్లిప్పు ఉండేవి. ఆ క్లిప్పు గురువారం నాడు విరిగింది. కొత్తది తెప్పించాలని భవాని అనుకుంటూనే ఉంది.

"ఇంత చదువుకున్నదానివి, ఒక దారం పోగుతో ముడేయలేకపోయినావా?" అన్నది పోలమ్మ.

అత్త అనకపోయినా ఆ మాట అప్పటికే భవాని లోపల తిరుగుతూ ఉంది.

దొనకొండ దగ్గర బోర్ల బండి మీద పనిలో ఉన్న వెంకటకృష్ణకు మూడుసార్లు ఫోన్ చేసింది. బండి ఆడుతున్నప్పుడు భర్తకు ఫోన్ వినపడదని తెలిసీ చేసింది. అతను ఎత్తి ఉంటే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు.

ప్రతి మంగళవారం వీడియోలో పాఠం చెప్పే మాటల టీచరు రమణి మొదటి రోజే చెప్పింది, పాడైతే బాగు చేస్తారు గానీ పోతే మళ్ళీ ఇవ్వరని. ఎవరి కాళ్ళు పట్టుకుని అర్జీలు పెట్టినా ఏడాది పడుతుందని. ఏడాది చెవి ఖాళీగా ఉంటే వచ్చిన మాటలు వచ్చిన దారినే పోతాయని కూడా చెప్పింది. మల్లికి వచ్చిన మాటలన్నీ భవాని గోడ క్యాలెండరు మీద, అవి పలికిన తేదీ గళ్ళలో రాసి పెడుతుంది. సంక్రాంతి నెలలో ఏడు. ఆ పై నెలలో పదకొండు. నిన్నటి గడిలో 'రా' అని ఉంది. పిల్ల గొర్రెపిల్లను చూసి అన్నది ఆ మాట.

ఆ క్యాలెండరు ముందు నిలబడే భవానికి లాప్‌టాప్ గుర్తొచ్చింది.

మార్కాపురంలో ఆమె బీయస్సీ కంప్యూటర్స్ చదివింది. పెళ్ళి, మల్లి, ఆసుపత్రులు అయ్యాక ఈ ఏడాదే మళ్ళీ పాత లాప్‌టాప్ దుమ్ము దులిపి, ఫోన్ నెట్‌తో ఒక కోర్సులో చేరింది. అందులో రెండు నెలల కిందట ఒక పాఠం వచ్చింది. చుట్టుపక్కల ఉన్న వైర్లెస్ వస్తువులన్నింటినీ జాబితాగా తెర మీద చూపించే ప్రోగ్రాం రాయాలి, ఒక్కో దాని సిగ్నల్ ఎంత బలంగా ఉందో కొలవాలి. రాసి నడిపిస్తే పక్కింటి టీవీ వచ్చింది, ఎవరిదో చేతి గడియారం వచ్చింది, వాటి మధ్య ఒక వింత పేరు, చివర నాలుగు అంకెలు. ఆసుపత్రి కార్డు తీసి చూస్తే అవి మల్లి మిషను నంబర్లో చివరి నాలుగు అంకెలే. పిల్ల చెవి కూడా ఊరికే ఉండదని, నేనిక్కడున్నా నేనిక్కడున్నా అని సెకనుకోసారి అంటూనే ఉంటుందని తెలిసి ఆ రోజు నవ్వుకుంది.

ఆ ప్రోగ్రాం ఇప్పుడు తెరిచింది. మిగతా పేర్లన్నీ తీసేసి ఆ ఒక్క పేరే వెతికేలా మార్చింది. అది వినపడినప్పుడల్లా టైమూ, సిగ్నల్ అంకె కూడా ఒక వరసలో రాయమన్నది. తొందరలో రెండుసార్లు బ్రాకెట్లు మర్చిపోతే లాప్‌టాప్ తప్పని చెప్పింది. మూడోసారి నడిచింది.

తెర మీద ఏమీ పడలేదు.

పోలమ్మ జల్లెడ పట్టుకుని వచ్చి వెనక నిలబడింది. అంకె ఎంతకు వస్తే దొరికినట్టని అడిగింది. భవాని చెప్పింది. అంకెలు మైనస్‌లో వస్తాయి, పక్కనే ఉంటే నలభై యాభై, గది అవతల ఉంటే డెబ్బై, తొంభై దాటితే ఇక వినపడనట్టే. పోలమ్మకు అది తిరకాసుగా తోచింది. తొంభై కదా పెద్దది, పెద్దదే దగ్గర కావాలి గదా అన్నది.

"జ్వరం మాదిరి అనుకో అత్తా. తగ్గేకొద్దీ మంచిది."

అది ఆమెకు అర్థమైంది.

ఇంట్లో లేదని తేలాక భవాని లాప్‌టాప్ తెరిచే పట్టుకుని వీధిలోకి నడిచింది. రెండు చేతుల మీద చేట పట్టుకున్నట్టు పట్టుకుని, కళ్ళు తెర మీదే పెట్టి, ఇంటింటి గడపా దాటుతూ పోయింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బియ్యం చెరుగుతున్నావా భవానీ అని నవ్వారు. సంగతి తెలిశాక వాళ్ళే బిందెలు పక్కన పెట్టి కుళాయి చుట్టూ వెతికారు. కరుణాకరం దుకాణం వరకు పోయింది, అంగన్‌వాడీ వరకు పోయింది. తెర ఖాళీగానే ఉంది. లాప్‌టాప్ బ్యాటరీ పాతది, పూర్తిగా ఎక్కించినా నలభై నిమిషాలకు మించి నిలవదు. అది ఎర్రబడేసరికి వెనక్కి వచ్చి, వెనక గది కిటికీలో పెట్టి చార్జింగ్ తగిలించింది. ప్రోగ్రాం మాత్రం ఆపలేదు. ఆపడానికి మనసు రాలేదు.

మిషను బ్యాటరీ కూడా అంతే. పొద్దున ఏడింటికి పెడితే పొద్దుగూకే వేళకు అయిపోతుంది. అయిపోయాక అది నేనున్నానని అనడం కూడా మానేస్తుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రామూ పనికిరాదు.

వంట చేస్తున్నంతసేపూ మల్లి పక్కనే కూర్చుంది. మామూలుగా అయితే 'అమ్మా', 'ఇది', 'పాలు' అని ఏదో ఒకటి అంటూనే ఉండేది. ఇప్పుడు కావలసినదానికి చీర కొంగు లాగుతోంది. నాలుగు గంటల్లోనే పిల్ల పాత అలవాటుకు పోయిందని భవాని గమనించి, పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. పొగ కాదని పోలమ్మకు తెలుసు. గ్యాస్ పొయ్యికి పొగెక్కడిది? పొద్దున అన్నది చాలనుకుందేమో, మనవరాలిని తన ఒళ్ళోకి లాక్కుని అన్నం కలిపి పెట్టింది.

తిన్నాక భవాని చెయ్యి కడుక్కుని, చూడటానికేముందిలే అనుకుంటూనే కిటికీ దగ్గరికి పోయింది.

తెర మీద ఎనిమిది వరసలున్నాయి.

మొదటిది పన్నెండూ ఏడుకు. మైనస్ తొంభై నాలుగు. తర్వాత తొంభై, ఎనభై ఎనిమిది, ఎనభై మూడు, ఎనభై ఒకటి. అక్కడి నుంచి మళ్ళీ ఎనభై ఆరు, తొంభై ఒకటి, తొంభై అయిదు. చివరిది పన్నెండూ పదికి. ఆ తర్వాత ఏమీ లేదు.

భవాని ఆ అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. పోలమ్మను పిలిచింది.

"అత్తా, కింద పడిపోయిన వస్తువు దగ్గరికొచ్చి మళ్ళీ దూరం పోతాదా?"

"కాళ్ళుంటే పోతాది."

"మనం అన్నం తినేటప్పుడు వెనక దారిలో ఏం పోయినాయి?"

పోలమ్మ గుర్తు చేసుకుంది. ఏమీ పోలేదన్నది. బండి పోలేదు, మనిషి పోలేదు, ఎండకు కుక్క కూడా తిరగలేదు. మన గొర్రెలే, మీ మామ నీళ్ళ తొట్టికి తోలుకుపోయినాడు, అంతే అన్నది. అనేసి తన మాట తనే విని ఆగిపోయింది.

మల్లి ఇద్దరి ముఖాలూ చూస్తోంది. మళ్ళీ అరచెయ్యి తలకు పెట్టుకుని, గాలిలో దేనికో అతికించి, గేటు వైపు చూపించింది. ఈసారి భవాని గేటును కాదు, గేటులోంచి బయటికి పోయేదాన్ని చూసింది.

గొర్రెల్లో ఇనుమెక్కడిది అని ఇద్దరూ ఆలోచించారు. మందలో మూడు గంటలున్నాయి గానీ మూడూ కంచువి. పోలమ్మ భర్త అంకన్నకు ఆయన మామగారి కాలం నుంచి వచ్చినవి, వాటికి అయస్కాంతం పట్టదని మల్లి ఎప్పుడో తేల్చింది. ఇక మిగిలింది అంకన్న చేతిలో దోటి. కొమ్మలు వంచడానికి వెదురు కర్రకు కట్టిన కొక్కెం ఇనుముదే. పొద్దున గేటు దగ్గర దోటి ఆనించి ఉంటే పిల్ల దానికి అంటించి ఉంటుంది. అంకన్న చూపు ఈ మధ్య మసకబారింది, చూసి ఉండడు.

అంకన్న ఫోన్ పట్టుకుపోడు. మంద ఈ పాటికి నీళ్ళు తాగి తిప్ప అవతల కంది చేలలో ఉంటుంది. కంది కోసిన మోళ్ళ మధ్య రాలిన ఆకు మేస్తూ, ఎండ తగ్గాక అడవి వైపు తిరుగుతుంది. దోటితో కొమ్మలు కొట్టడం మొదలుపెడితే ఆ బిళ్ళ ఏ ముళ్ళ పొదలో రాలుతుందో.

లాప్‌టాప్ నిండేదాకా ఆగారు. ఆ అరగంటా పోలమ్మ గడప మీద కూర్చుని లేచి, లేచి కూర్చుంది. తర్వాత ముగ్గురూ బయలుదేరారు. భవాని లాప్‌టాప్ మూసి గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది. పోలమ్మ నెత్తిన తడిగుడ్డ, చేతిలో నీళ్ళ సీసా. మల్లిని కాసేపు ఒకరు, కాసేపు ఒకరు ఎత్తుకున్నారు. ఫాల్గుణ మాసమైనా ఎండ అప్పుడే వైశాఖంలా ఉంది. తిప్ప ఎక్కేటప్పుడు పోలమ్మ ఆయాసపడుతూ, దారం పోగు మాట నేను అనకుండా ఉండాల్సింది అన్నది. భవాని, నువ్వన్నది నిజమే గదత్తా అన్నది.

మంద తుమ్మచెట్ల కింద ఉంది. తొంభై గొర్రెలు, ఎక్కువ భాగం పడుకుని నెమరేస్తున్నాయి. అంకన్న చెట్టు మొదలుకు ఆనుకుని, గొంగడి మడత మీద కూర్చున్నాడు. కోడలూ పెళ్ళామూ ఎండలో పిల్లను వేసుకుని రావడం చూసి, ఎవరికేమైందని లేచి ఎదురొచ్చాడు. సంగతి చెబుతుంటే మధ్యలోనే దోటి కిందికి దించాడు. కొక్కేన్ని ముగ్గురూ తడిమారు. దానికి తుమ్మ జిగురు తప్ప ఏమీ లేదు.

అంకన్న ముఖం వాడిపోయింది. మల్లి మొదటిసారి పిలిచింది ఆయన్నే. 'తాత' అన్న మాట క్యాలెండరులో భవాని ఎర్ర పెన్నుతో రాసింది. రాలిపోయి ఉంటాది, నీళ్ళ తొట్టి దగ్గర కొమ్మ కొట్టినా గదా అని వెనక్కి తిరిగి నడవబోయాడు. భవాని ఆగమని లాప్‌టాప్ తెరిచింది.

మైనస్ ఎనభై నాలుగు.

"రాలలేదు మామా. ఇక్కడే ఉంది."

అయితే ఎక్కడ? అడుగు ముందుకు వేస్తే డెబ్బై తొమ్మిది అంటుంది. కదలకుండా నిలబడితే తొంభై అంటుంది. వెంటనే ఎనభై రెండు. అంకె ఎటు పిలిస్తే అటు తిరిగి, రెండు నిమిషాల్లో భవాని మొదలుపెట్టిన చోటికే వచ్చింది. గొర్రెల ఒళ్ళు అడ్డం వచ్చినప్పుడల్లా సిగ్నల్ పడిపోతోందని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన దారి దొరకలేదు. తెర మూలన బ్యాటరీ ఇరవై ఆరు నిమిషాలని చూపిస్తోంది.

అంకన్న ఆమె తిరగడం చూస్తూ నిలబడ్డాడు. ఆ డబ్బా ఏం చెబుతోందని అడిగాడు. మిషను అరుపు ఎంత గట్టిగా వినపడుతుందో చెబుతోంది, అయితే ఒక్కోసారి ఒక్కోలా చెబుతోంది అన్నది భవాని.

"గంట వెతికినట్టే గదమ్మా ఇది" అన్నాడు ఆయన. "అడవిలో గొర్రె తప్పిపోతే నేనేం జేస్తా? ఒక్క మోత విని పరిగెత్తను. కొండకు తగిలి ఎటునుంచో వస్తాది అది. నిలబడి పది మోతలు విని, అన్నీ కలిపి ఎటు ఎక్కువుందో చూసుకుంటా. అది గూడా ఒక పక్కకే తిరిగి వినను. చుట్టూ తిరుగుతా. నా వీపు అడ్డం వచ్చినప్పుడు సన్నగిల్లుతాది చూడు, గొర్రె నా వెనక పక్క ఉన్నట్టు."

భవాని కింద కూర్చుని ప్రోగ్రాంలో మూడు వరసలు కలిపింది. వచ్చిన అంకెను వచ్చినట్టు చూపించకుండా, చివరి పది అంకెలూ కూడి, పదితో భాగించి చూపించమన్నది. కోర్సులో ఇది చెప్పారు. చెప్పినప్పుడు ఎందుకో ఆమెకు పట్టలేదు. లేచి లాప్‌టాప్‌ను పొట్టకు ఆనించుకుని, ఒక్కో దిక్కుకు పది లెక్కపెట్టుకుంటూ మెల్లగా తిరిగింది. ఊరి వైపు ఎనభై ఆరు. తిప్ప వైపు తొంభై. అడవి వైపు ఎనభై నాలుగు. పెద్ద తుమ్మ వైపు డెబ్బై ఎనిమిది. ఇప్పుడు అంకె గంతులు వేయడం లేదు.

పెద్ద తుమ్మ కింద పాతిక గొర్రెల దాకా ఉన్నాయి. నాలుగడుగులకోసారి ఆగి చుట్టూ తిరుగుతూ పోయింది. డెబ్బై మూడు. అరవై తొమ్మిది. పోలమ్మ మల్లి చెయ్యి పట్టుకుని వెనకే వస్తూ ప్రతి అంకెకూ జ్వరం తగ్గుతా ఉందని అంకన్నకు వినిపిస్తోంది. అరవై ఆరు అనేసరికి ముందున్న గొర్రె, తన మీదికి వస్తున్న మెరిసే పలకను చూసి బెదిరి లేచింది. దాంతో పాతికా లేచాయి. దుమ్ము లేచింది. గొర్రెలు కలిసిపోయి అవతలి చేనులోకి దూకాయి. అంకె ఎనభై దాటి పోయింది.

అంకన్న గొంతులో నుంచి ఒక కూత తీశాడు. ముందు పొట్టేలు ఆగింది. అది ఆగితే మిగతావి ఆగాయి. రెండో కూతకు అది తల ఊపుతూ ఆయన వైపు తిరిగి వచ్చింది. వస్తుంటే దాని మెడలో గంట కదిలింది. టక్, టక్ అని, చెక్క మీద చెక్క కొట్టినట్టు.

అంకన్న ముఖం చిట్లించాడు. పుల్లలచెరువులో పోయిన వారమే కొన్నానని, పాత కంచు గంట నాలుక ఊడిపోతే దాని బదులు కట్టానని, నిన్నటిదాకా ఖంగుమన్నదని, పొద్దున్నుంచి ఇట్ల మూగదైపోయిందని, పగిలిన గంట అంటగట్టినాడని ఆ దుకాణమాయన్ను దారంతా తిట్టుకున్నానని చెప్పుకొచ్చాడు.

"కొత్త గంట దేంతో చేసింది మామా?" అని అడిగింది భవాని.

"ఇనుముది."

మల్లి అప్పటికే పోలమ్మ చెయ్యి విడిపించుకుని పొట్టేలు దగ్గరికి పోయింది. చిన్నప్పుడు తను సీసాతో పాలు పట్టిన పొట్టేలే అది, దానికి ఆమె అంటే భయం లేదు. మెడ కిందికి చెయ్యి పోనిచ్చి గంటను పైకి తిప్పి చూపించింది. గంటకు లోపలి వైపున, పొట్టేలు రొమ్ముకు ఆనుకుని, బిళ్ళ అతుక్కుని ఉంది. తీగ గంట తాడుకు ఒక చుట్టు చుట్టుకుని, చిక్కుడుకాయ ముక్క ఆ తాడు సందులో ఇరుక్కుంది. పొట్టేలు రంగూ దాని రంగూ ఒకటే. దాని మీద ఇంకా పచ్చ దీపం మినుకుమంటోంది.

భవాని అక్కడే మోళ్ళ మధ్య కూర్చుండిపోయింది. పోలమ్మ చెయ్యెత్తింది. పొద్దున్నుంచి పడిన యాతనంతా ఆ చేతిలోకి వచ్చింది. భవాని కూర్చున్న చోటి నుంచే ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టొద్దత్తా. గొర్రెలన్నీ ఒక్కసారి అరిస్తే దాని చెవిలో గోల భరించలేక తీసింటాది. తీసి, మనం నేర్పిన పనే చేసింది."

పోలమ్మ చెయ్యి దించింది. దించి, మనవరాలి రెండు బుగ్గలూ పట్టుకుని, బీరువా, గొళ్ళెం, మంచం కోడు అని ఒక్కోటీ చేతులతో గీసి చూపించి, పొట్టేలును చూపించి అడ్డంగా తల ఊపింది. నడిచే ఇనుముకు పెట్టకూడదు, నడవని ఇనుముకే పెట్టాలి. కట్టుబాటులో ఆ ఒక్క మాటా వదిలేసినందుకు తప్పు తనదే అన్నట్టుగా రెండుసార్లు చెప్పింది.

భవాని తీగను మెల్లగా విప్పి, మిషనును కొంగుతో తుడిచింది. చెమటా దుమ్మూ పట్టింది గానీ ఎక్కడా చిట్లలేదు. తన చీరకు ఉన్న పిన్నీసు తీసి, తాడును గౌను భుజానికి రెండు చుట్లు చుట్టి గుచ్చింది. తర్వాత చెవి వెనక తగిలించి బిళ్ళను తలకు ఆనించింది. అది టక్కున పట్టుకుంది.

మల్లి కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి, ఎప్పుడూ అయ్యేటట్టే. ఏమని పిలవాలో భవానికి తోచలేదు. అంకన్నకు మాత్రం గంట పగిలిందో లేదో తేల్చుకోవాలని ఉన్నట్టుంది. పొట్టేలు మెడ దగ్గర వంగి దాన్ని వేలితో తట్టాడు. ఖంగుమన్నది.

మల్లి తల తిప్పింది. "తాత, గంట" అన్నది. గంటలో మొదటి అక్షరం ఆమెకు ఇంకా సరిగా రాదు. అయినా అందరికీ తెలిసింది.

గంట దుకాణమాయన్ను అన్యాయంగా తిట్టుకున్నానని అంకన్న తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. శుక్రవారం పోయి పలకరించి వస్తానన్నాడు.

పొద్దు పడమటికి వాలింది. మంద అడవి వైపు తిరిగింది, ఆడవాళ్ళు ఊరి వైపు తిరిగారు. వెంకటకృష్ణ ఫోన్ చేసి, ఏంది మూడుసార్లు చేసినావని అడిగితే, ఏమీ లేదులే, వచ్చేటప్పుడు మిషనుకు క్లిప్పు తీసుకురా, రెండు తీసుకురా అని చెప్పింది. మిగతాది ఇంటికొచ్చాక చెప్పొచ్చు.

లాప్‌టాప్‌లో ఇంకా అయిదారు నిమిషాల ప్రాణం ఉంది. మూయబోయి భవాని మూయలేదు. పోలమ్మ వెనకగా వస్తోంది. మల్లి ముందు పరిగెడుతోంది, బాటలో కనపడిన ప్రతి రాయినీ తన్నుకుంటూ. తెర మీద పిల్ల మెల్లగా దూరమవుతోంది. నలభై ఎనిమిది. యాభై అయిదు. అరవై మూడు. పోయిన నెల రమణి అడిగింది, ఎంత దూరం నుంచి పిలిస్తే వింటోందో చూసి రాయమని. ఇంట్లో గది నుంచి గదికి తప్ప భవాని ఎప్పుడూ చూడలేదు. బయట గాలిలో, వెనక నుంచి, పిల్ల తన ముఖం చూడకుండా ఉన్నప్పుడు పిలిచి చూడటానికి ఆమెకు భయం.

డెబ్బై. డెబ్బై రెండు.

"మల్లీ" అన్నది. అరవలేదు, ఇంట్లో పిలిచినట్టే పిలిచింది.

మల్లి ఆగి వెనక్కి తిరిగింది.

లాప్‌టాప్ తెర ఆరిపోయింది. భవాని దాన్ని మూసి గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది. ఏమీ లేదు, పో అని చెయ్యి ఊపి, పిల్లను ఇంకొంచెం దూరం పోనిచ్చి, మళ్ళీ పిలిచింది.